పాండు కుర్చీ

తొండుపల్లి పొలాలు విమానాశ్రయం కిందికి పోయాక ఊళ్ళో కారు లేని ఇల్లు లేకుండా పోయింది. చేతికి పరిహారం వచ్చిన మగవాళ్ళంతా తెల్లకార్లు కొన్నారు, వాటి ముందు నిలబడి ఫొటోలు దిగారు, ఆ తర్వాత అవి ట్యాక్సీలని గుర్తొచ్చి పసుపు నంబరు ప్లేట్లు వేయించారు. ఈశ్వరయ్య కూడా కొన్నాడు. కొడుకు నడుపుతాడని కొన్నాడు. వెనక అద్దం మీద ఎర్ర స్టిక్కరు అక్షరాలతో కొడుకు పేరు అతికించాడు కూడా. ఆ కొడుక్కి కారు పడదన్న సంగతి స్టిక్కరు అతికించాక తెలిసింది.

పాండు ట్రాక్టరు మీద కూర్చుని ఎంత దూరమైనా పోగలడు. సిటీ బస్సు ఫుట్‌బోర్డు మీద వేలాడుతూ అఫ్జల్‌గంజ్ దాకా పాటలు పాడుకుంటూ వెళ్ళగలడు. కానీ నాలుగు తలుపులూ మూసి, ఏసీ వేసి, మల్లెపూల సెంటు డబ్బా వేలాడదీసిన బండిలో కూర్చోబెడితే ముందు చెమట పడుతుంది, తర్వాత మాట ఆగుతుంది, ఆ తర్వాత జరిగేది పక్కనున్నవాడి అదృష్టాన్ని బట్టి ఉంటుంది. కొత్త కారుకు పోచమ్మ గుడి దగ్గర పూజ చేయించి స్టీరింగు ముందు కూర్చోబెట్టిన రోజున పక్కసీట్లో ఉన్నది ఈశ్వరయ్యే. కొత్త పంచె కట్టుకుని ఉన్నాడు.

శంషాబాద్ డాక్టరు విని నవ్వాడు. "డ్రైవింగ్ చేసేవాడికి రాదయ్యా అది. పక్కన కూర్చున్నోళ్ళకు వస్తుంది."

"నాకు ఏడ గూసున్నా వస్తది సార్," అన్నాడు పాండు.

చేసేది లేక ఈశ్వరయ్యే, అరక వదిలిన చేతులతో, యాభై ఏళ్ళు దాటాక డ్రైవింగ్ నేర్చుకున్నాడు. విమానాశ్రయం పార్కింగులో అందరూ ఆయన్ని 'పాండన్నా' అని పిలిచేవారు, వెనక అద్దం చదివి. అసలు పాండు ఇంట్లో కూర్చుని టీవీ చూసేవాడు. ఆ పరిస్థితిలోనే ఈశ్వరయ్య ఒకరోజు తన కారు తిప్పే కంపెనీ యజమాని వీరరాఘవులు ముందు నిలబడి తలగోక్కున్నాడు.

"సార్, మావోడు ఇంటర్ల ఆగిపోయిండు. కారెక్కడు. మనిషైతే మంచోడు. కదలకుంట ఉండే పని ఏదన్న ఉంటె జర కూసోవెట్టుండ్రి."

వీరరాఘవులు భీమవరం వైపు నుంచి వచ్చి హైదరాబాద్‌లో స్థిరపడిన మనిషి. శంషాబాద్ హైవే పక్కన ఒక సిమెంటు దుకాణం పైన ఆఫీసు పెట్టి, చుట్టుపక్కల ఊళ్ళ కార్లన్నీ పోగేసి విమానాశ్రయానికి తిప్పుతుండేవాడు. ఫోను ఎత్తే మనిషి అంతకు రెండు రోజుల క్రితమే మానేశాడు. అందుకని పాండు మంచితనం గురించి పెద్దగా వాకబు చేయకుండా కూర్చోబెట్టాడు.

ఇచ్చిన కుర్చీకి చక్రాలున్నాయి. పాండు మొదటిరోజు చేసిన మొదటి పని వాటిని ఊడబీకడం.

అలా పాండు జీవితంలో స్థిరత్వం వచ్చింది. రెండు ఫోన్లు, గోడకొక తెల్లబోర్డు, ఎప్పుడూ అడుగంటే మార్కరు. ఏ విమానానికి ఏ కారు వెళ్ళాలో బోర్డు మీద రాయడం, ఫోనులో డ్రైవరుకు చెప్పడం, ఆ డ్రైవరు ఇంకెవరికో చెప్పడం, చివరికి ఒక ప్రయాణికుడి కోసం మూడు కార్లు కొట్టుకోవడం, ఇంకొకడి కోసం ఒక్కటీ రాకపోవడం. వీరరాఘవులు రోజూ రెండుసార్లు వ్యాపారం మూసేస్తానని ప్రకటించేవాడు. మధ్యాహ్నం భోజనం తర్వాత మళ్ళీ తెరిచేవాడు.

ఆయన అక్క కొడుకు లలిత్ మాదాపూర్‌లో సాఫ్ట్‌వేర్ ఉద్యోగి. మేనమామ బాధ చూడలేక, మేనమామ రోజూ ఫోను చేసి చెప్పే బాధ వినలేక, ఆదివారాలు వచ్చి ఒక వెబ్ పేజీ తయారుచేసి పెట్టాడు. దాన్ని ఆఫీసులో 'పెద్ద పలక' అనేవారు. ఒకే పలక మీద అందరూ ఒకేసారి రాయవచ్చు. విమానాశ్రయం కౌంటరులో కూర్చునే మనీషా 'బుద్వేల్, ఇద్దరు' అని కొడుతుంటే ఒక్కో అక్షరమూ అప్పటికప్పుడే పాండు తెర మీద, పార్కింగులో ఉన్న ప్రతి డ్రైవరు ఫోనులోనూ కనిపించేది. పోవాలనుకున్న డ్రైవరు కింద ఉన్న నీలం బటన్ నొక్కితే ఆ ట్రిప్పు అతనిది. చదవడం రాని డ్రైవర్లు కూడా నీలం బటన్ ఎక్కడున్నా గుర్తుపట్టి నొక్కేవారు. వాళ్ళ దృష్టిలో కంప్యూటరు విద్య అంటే అదే, అంతకు మించి ఇంకేమీ లేదు.

ఈ పలక ఒక పాత కంప్యూటర్లో ఉండేది. దాని ముందు ఇంకొక పాత కంప్యూటరు కాపలా ఉండేది. బయటినుంచి ఎవరు వచ్చినా ముందు ఈ కాపలాదారును కలవాలి. ఏం కావాలో విని, లోపలికి పోయి, పలకను అడిగి, జవాబు తెచ్చి ఇవ్వడం దాని పని. పలకను బయటివాళ్ళు నేరుగా తాకకూడదని లలిత్ ఏర్పాటు. లలిత్ దాన్ని రివర్స్ ప్రాక్సీ అనేవాడు. పాండు వాచ్‌మన్ అనేవాడు. ఈ వాచ్‌మన్‌కు పలక ముఖం తెలియదు. ఆఫీసులో ఉన్న ప్రతి యంత్రానికీ ఒక నంబరు ఉంటుంది, 'నాలుగో నంబరు గదిలో ఉన్నదే పలక' అని ఒక ఫైల్లో రాసి పెడితే అదే నమ్ముకుని తిరిగేది.

ఆ నంబర్లు పంచేది రౌటరు. ఎవరు ముందు మేలుకుంటే వాళ్ళకు ముందు నంబరు, దవాఖానలో టోకెన్లు ఇచ్చినట్టు. టోకెన్లు మారితే పలక దొరకదు కాబట్టి పలకకు మాత్రం ఎప్పటికీ మారని సొంత నంబరు ఇవ్వమని లలిత్ పాండుకు చెప్పి, ఎలా ఇవ్వాలో చూపించి వెళ్ళాడు. తర్వాతి ఆదివారం అడిగాడు కూడా.

"ఇచ్చినవా పాండూ?"

"ఇచ్చిన సార్."

ఇవ్వలేదు. పలక బాగానే నడుస్తుంటే దాన్ని ఎందుకు కెలకాలని పాండు వాదన. యూపీఎస్ ఉంది, రౌటరు ఆరదు, నంబర్లు మారవు. ఏడాది పాటు మారలేదు కూడా. ఆ ఏడాదిలో పాండు సిస్టం ఇన్‌చార్జి అయ్యాడు. తొండుపల్లిలో వాళ్ళమ్మ 'మావోడు ఏర్‌పోర్టుల ఇంజనీరు' అని చెప్పుకుంటుంటే పాండు ఔననలేదు, కాదనలేదు.

రాష్ట్రం రెండవుతుందా కాదా అని టీవీలన్నీ గొంతు చించుకుంటున్న ఏడు అది. ఆఫీసులో టీవీ పెట్టకూడదని వీరరాఘవులు నిషేధం విధించాడు. డ్రైవర్లంతా ఇటువైపు, తానొక్కడే అటువైపు కావడం వల్ల. ఆ దసరాకు ఒక మందుల కంపెనీ సభ తగిలింది. దేశం నలుమూలల నుంచీ డాక్టర్లు దిగుతారు, దిగినవాళ్ళను దిగినట్టే హోటళ్ళకు చేర్చాలి. బాగా చేస్తే ఏడాదంతా వాళ్ళ పని మనకే అని వీరరాఘవులు ఆశ. సరిగ్గా ఆయుధపూజ నాడు మధ్యాహ్నం నుంచి విమానాలు.

ఆయుధపూజ చేయించేది వీరరాఘవులు భార్య శాంతకుమారి. పొద్దున్నే అరటిపిలకలతో, బంతిపూల దండలతో, ఒక కొత్త ప్రింటరుతో మెట్లెక్కి వచ్చింది. పండగపూట కొత్త వస్తువు కొంటే మంచిదట. రాగానే మొదటి ఆజ్ఞ జారీ చేసింది.

"అన్నీ ఆపేయండి. నడుస్తున్న యంత్రానికి బొట్టు పెట్టకూడదు."

"అన్ని అంటె అన్నీనా మేడమ్? రౌటరు గూడనా?" అన్నాడు పాండు.

"దీపాలు మిణుక్కుమంటున్నదేగా అది? ఆపెయ్. అది మాత్రం ఆయుధం కాదూ?"

పాండు యూపీఎస్‌తో సహా అన్నీ ఆపేశాడు. ఆ గదిలో అంత నిశ్శబ్దం ఏడాదిగా లేదు. శాంతకుమారి తడిగుడ్డతో యంత్రాలు తుడిచి, పసుపు రాసి, కుంకుమ పెట్టి, గాలి పోయే రంధ్రాలన్నీ మూసుకుపోయేలా దండలు వేసింది. తర్వాత హారతి. హారతి అందుకున్న యంత్రాన్ని అందుకున్నట్టే ఆన్ చేయాలని ఆమె పద్ధతి. వరస మాత్రం పాండు నిర్ణయించాడు, అదీ గొప్ప ఉత్సాహంగా. ముందు రౌటరు, తర్వాత వాచ్‌మన్, ఆ తర్వాత సారుగారి ల్యాప్‌టాప్. ఆ తర్వాత మేడమ్ కొన్న కొత్త ప్రింటరు, పెళ్ళికొడుకులా. వాటి వెనక పాండు కంప్యూటరు. పలక ఉన్న డబ్బా బాత్రూము పక్కన నేల మీద ఉంటుంది కాబట్టి దానికి ఆఖరున, కర్పూరం దాదాపు కొండెక్కాక.

సారు, మేడమ్ ఇద్దరూ సంతోషించారు. ఎవరి గౌరవం వారికి దక్కింది. నాలుగో నంబరు ప్రింటరుకు దక్కింది.

మధ్యాహ్నం మొదటి విమానం దిగాక కౌంటరు నుంచి మనీషా ఫోను చేసింది. మైలార్‌దేవ్‌పల్లి పిల్ల, ఒక్క గుక్కలో మూడు సంగతులు చెప్పగలదు.

"పాండన్నా, పలక వస్త లేదు."

"ఏమొస్తున్నది మరి?"

"ఏందో ఇంగ్లీషుల వస్తున్నది. 'రెడీ' అని ఉన్నది. కింద నీలం బటన్ ఉన్నది."

"రెడీ అంటె మంచిదే గద."

"మంచిదే అని అందరు నొక్కుతుండ్రు. ట్రిప్పే వస్త లేదు. గీడ డాక్టర్లు పెట్టెల మీద గూసున్నరు. ఒకాయన నన్ను మందులు అమ్మే పిల్ల అనుకుంటున్నడు."

పాండు ఫోను పెట్టి వాచ్‌మన్‌ను ఆపి మళ్ళీ లేపాడు. సిస్టం ఇన్‌చార్జికి వచ్చిన విద్యలో సగం అదే. ఏమీ మారలేదు. మిగిలిన సగం వాడాడు. ఎప్పుడో అంతా బాగున్నప్పుడు దాచిపెట్టుకున్న పాత ఫైలు ఒకటి ఉంది, దాన్ని తీసి వాచ్‌మన్ ఇప్పుడు చదువుతున్న ఫైలు మీద పెట్టేశాడు. అయినా ఏమీ మారలేదు. ఇంతలో వెనకనుంచి కిర్రుమని చప్పుడయింది.

కొత్త ప్రింటరు తనంతట తానే ఒక కాగితం బయటికి తోసింది. నాలుగు రంగుల పట్టీలు, కింద కంపెనీ బొమ్మ. అందరూ దాన్ని చూస్తుండగానే రెండోది తోసింది. మూడోది సగం వచ్చేసరికి శాంతకుమారి చేతులు జోడించింది.

"ఏవండీ! పూనింది!"

"ఎవరికి?" అన్నాడు వీరరాఘవులు కంగారుగా.

"ప్రింటరుకండీ. ఎవరూ ముట్టుకోలేదు చూడండి."

"అమ్మవారు ప్రింటరుకు పూనడమేంటే? కాగితాలు దండగ. పాండూ, ప్లగ్గు పీకు!"

"హారతి ఇచ్చిన వస్తువు పొద్దు గూకకుండా ఆపితే నేనొప్పుకోను," అంది శాంతకుమారి. ప్లగ్గుకు అడ్డంగా కుర్చీ వేసుకుని కూర్చుంది. ప్రింటరు రంగుల పట్టీలు తోస్తూనే ఉంది. మధ్యలో కాస్త ఆగి, ఊపిరి పీల్చుకుని, ఒకేసారి ఐదారు.

వీరరాఘవులు ఇక ప్రింటరును వదిలి పాండు వైపు తిరిగాడు. కోపం వస్తే ఆయన గొంతు తగ్గుతుంది, మర్యాద పెరుగుతుంది. అందుకే అందరికీ భయం.

"చూడండి పాండు గారూ. మిమ్మల్ని ఇక్కడ కూర్చోబెట్టింది పలక చూసుకుంటారని. ఈ సాయంత్రం డాక్టర్లలో ఒక్కరు నిలబడిపోయారని నాకు ఫోను వచ్చినా సరే, రేపటినుంచి మీరు కూడా స్టీరింగు ముందు కూర్చుందురు గానీ. డ్రైవర్లు నాకెప్పుడూ తక్కువే."

పాండుకు అప్పుడే మల్లెపూల సెంటు వాసన వచ్చింది.

లలిత్‌కు ఫోను చేశాడు. లలిత్ తణుకులో అత్తవారింట్లో, కొత్త అల్లుడి హోదాలో విస్తరి ముందు ఉన్నాడు. లేచి పెరట్లోకి వచ్చి గుసగుసగా మాట్లాడాడు, ఏదో నములుతూ.

"ఏమైంది పాండూ? తొందరగా చెప్పు. మా మావగారు నేను పెద్ద కంపెనీల ప్రాజెక్టులు చూస్తాననుకుంటున్నారు. ట్యాక్సీల గొడవ వినిపించకూడదు."

"పలక వస్త లేదు సార్. ఏందో రెడీ అని వస్తున్నది."

"పలక నంబరు మారిందేమో. సొంత నంబరు ఇచ్చావు కదా?"

ఇక్కడ పాండు నిజం చెప్పి ఉంటే ఈ కథ ఇక్కడితో అయిపోయేది. కానీ ఏడాది కిందట ఇచ్చానన్న మాటను ఇప్పుడు కాదనడమంటే ఏడాదిపాటు ఇన్‌చార్జిగా కూర్చున్నదంతా కాదనడమే అనిపించింది.

"ఇచ్చిన సార్."

"అయితే అది కాదు," అన్నాడు లలిత్. అది కాదనుకున్నాక మిగిలినవన్నీ చూడమన్నాడు. తీగలు పీకి పెట్టమన్నాడు. దండలు తీసి ఫ్యాన్లు తిరుగుతున్నాయో లేదో చూడమన్నాడు. శాంతకుమారి దండలు తీయనివ్వలేదు, పక్కకు జరపనిచ్చింది. కుంకుమ లోపలికి పోయి పాడయిందేమో అని పాండు అంటే లలిత్ కాసేపు నమ్మాడు కూడా. ఇంతలో ఎవరో "అల్లుడు గారూ, నెయ్యి పేరుకుంటోంది" అని కేకేశారు. ఫోను ఆగిపోయింది.

అక్కడ కౌంటరు దగ్గర మనీషా పలక మీద ఆశ వదులుకుని స్టూలెక్కింది. కాగితం గొట్టంలా చుట్టి పార్కింగు వైపు అరుస్తోంది. డ్రైవర్లు పాత అలవాటు కొద్దీ ఒక డాక్టరు కోసం నలుగురు పరుగెత్తారు. ఒకడు పెట్టె లాక్కుంటే ఇంకొకడు డాక్టరును లాక్కున్నాడు. పెట్టె ఒక హోటలుకు, డాక్టరు ఇంకొక హోటలుకు పోయారు. అరవనప్పుడల్లా మనీషా పాండుకు ఫోను చేసి వినిపిస్తోంది.

"అన్నా, నీ బాపు గూడ నొక్కుతనే ఉన్నడు. ఫోను పగిలేటట్టున్నది."

"బాపుకియ్యి."

ఈశ్వరయ్య గొంతు వచ్చింది. "ఏందిరా గిది? అందరికన్న ముందుగాల నొక్కిన, ఇంక నొక్కుతనే ఉన్న. నొక్కితె గుండ్రంగ ఏదో తిరుగుతది, ఆగుతది. నాకు ఒక్క ట్రిప్పు రాకపాయె."

పాండు విసుక్కోబోయాడు. విసుక్కోవడానికి నోరు తెరిచినప్పుడే వెనక ప్రింటరు కిర్రుమంది.

"బాపూ, ఇప్పుడు నొక్కినవా?"

"నొక్కిన."

"ఇగ నొక్కకు. నేను చెప్పేదాక నొక్కకు."

ప్రింటరు మాత్రం ఆగకుండా ఇంకో మూడు కాగితాలు తోసింది. పాండు మనీషాను పిలిచి, పార్కింగులో ఉన్న ప్రతి ఒక్కరినీ బటన్ మీద నుంచి వేలు తీయమని అరవమన్నాడు. మనీషా స్టూలు మీద నుంచి అరిచింది, ఫోనులో పాండు చెవి గింగురుమంది. ప్రింటరు ఆగిపోయింది. శాంతకుమారి తలెత్తి చూసింది, తల్లి శాంతించిందా అన్నట్టు.

"బాపూ, ఇప్పుడు నువ్వొక్కనివే నొక్కు. ఒక్కపారి."

"నొక్కిన."

కిర్రు. ఒక్క కాగితం, నాలుగు రంగుల పట్టీలు.

పాండుకు ఒక్కసారిగా అంతా అర్థమైంది, అర్థమవుతున్న కొద్దీ చెవులు వేడెక్కాయి. వాచ్‌మన్ తప్పేమీ లేదు. నాలుగో నంబరు గదికి పొమ్మంటే నమ్మకంగా పోతోంది. ఆ గదిలో ఇప్పుడు పలక లేదు, దండ వేసుకున్న కొత్త ప్రింటరు ఉంది. దానికీ సొంత వెబ్ పేజీ ఉంది, 'రెడీ' అని చెప్పేది. అందులో ఒక నీలం బటన్ ఉంది, నొక్కితే నమూనా కాగితం కొట్టేది. పార్కింగులో ఉన్న డ్రైవర్లందరూ, అందరికంటే ముందు తన కన్నతండ్రి, ట్రిప్పు అనుకుని ఇందాకటినుంచీ రంగుల కాగితాలు కొట్టుకుంటున్నారు. పలకేమో బాత్రూము పక్కన ఆరో నంబరు పెట్టుకుని, ఎవరూ పిలవడం లేదేమని కూర్చుని ఉంది.

ఈసారి సొంత నంబరు ఇచ్చాడు. ఏడాది వాయిదా వేసిన పని, కాఫీ తాగినంతసేపు కూడా పట్టలేదు. వాచ్‌మన్ ఫైల్లో కొత్త నంబరు దిద్ది లేపాడు.

"వచ్చిందన్నా! పలక వచ్చింది!" అంది మనీషా. పాండు కుర్చీలో వెనక్కి వాలాడు. "గానీ అన్నా, ఫొటో దిగినట్టున్నది. నేను కొట్టింది ఎవ్వరికి పోత లేదు. ఆళ్ళు నొక్కింది నాకొస్త లేదు. మూసి తెరిస్తె ఒకపారి వస్తది, మల్ల ఆగిపోతది."

పాండు ముందుకు వాలాడు.

పలక ఉంది, కదలడం లేదు. కొత్త విమానం దిగింది. వీరరాఘవులు గోడకున్న పాత తెల్లబోర్డును తుడవడం మొదలుపెట్టాడు, చాలా శుభ్రంగా. అది చూశాక పాండు నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని మళ్ళీ తణుకు ఫోను చేశాడు. ఈసారి లలిత్ నోట్లో ఏమీ లేదు, ఆవలింత తప్ప.

"సార్, ముందుగాల ఒక మాట. పలకకు సొంత నంబరు ఇయ్యలే. ఏడాదికెళ్ళి ఇయ్యలే. ఇందాక గూడ అబద్ధమే చెప్పిన. ఇప్పుడు ఇచ్చిన. పేజీ వస్తున్నది, కదుల్త లేదు."

అటువైపు ఆవలింత సగంలో ఆగింది.

"నన్ను పెరట్లో ఎండలో నిలబెట్టి కుంకుమ గురించి మాట్లాడించావు కదయ్యా," అన్నాడు లలిత్.

"తప్పయింది సార్."

"ఫైల్లో ఇంకేమైనా మార్చావా?"

"పాతది మీద వెట్టిన. మంచిగున్నప్పటిది."

"ఎప్పటిది?"

పాండు తేదీ చూసి చెప్పాడు. లలిత్ నిట్టూర్చాడు. "అది పలక కదలని మామూలు పేజీగా ఉన్నప్పటిది. మామూలు పేజీలకు సరిపోతుంది. వాచ్‌మన్ అలవాటేంటి? ఒక మాట తీసుకుని లోపలికి పోతాడు, జవాబు తెచ్చిస్తాడు, తలుపు వేసేస్తాడు. పలకకు అట్లా కుదరదు. అటూ ఇటూ ఇద్దరూ మాట్లాడుతూనే ఉండాలి, తలుపు తెరిచే ఉంచాలి. తెరిచి ఉంచమని తర్వాత నేను చెప్పిన వరసలు ఆ పాత ఫైల్లో లేవు. రాసుకో, అక్షరం పొల్లుపోకూడదు."

లలిత్ ఒక్కో అక్షరమూ గుసగుసగా చెబుతుంటే పాండు ఒక్కో అక్షరమూ గట్టిగా చదువుతూ కొట్టాడు. మాట్లాడే పని లేకపోయినా చాలాసేపు తలుపు వేయవద్దని చెప్పే వరస కూడా చివర్లో లలిత్ చేర్పించాడు, లేకపోతే డ్రైవర్లు టీ తాగి వచ్చేలోపల వాచ్‌మన్ మళ్ళీ తలుపేస్తాడని. ఒకచోట సెమికోలన్ మరిచిపోతే వాచ్‌మన్ లేవనన్నాడు. పాండు దాన్ని వెతికి పెట్టాడు. లేచాడు.

పాండు తెర మీద ఖాళీ వరసలో 'బు' అని పడింది. తర్వాత 'ద్వే'. మనీషా కొడుతోంది. 'ల్, ఒకరు, ముసలాయన, కోపంగ ఉన్నడు' అని వచ్చి ఆగింది. వెంటనే ఎవరో నొక్కారు, వరస నీలమైంది. ఇంకొకటి. ఇంకొకటి. పెట్టె పోగొట్టుకున్న డాక్టరుకు కూడా ఒక వరస వచ్చింది, పెట్టెకు విడిగా ఇంకొకటి.

వీరరాఘవులు గుడ్డ పక్కన పెట్టి ల్యాప్‌టాపులో పలక తెరిచి చూశాడు. అలకలు తీరినట్టు ముఖం విప్పారింది, అయితే అంతసేపు పడ్డ బాధకు ఎవరినో ఒకరిని తిట్టకపోతే తోచదు కదా.

"ఈ డ్రైవర్లు! చదువూ సంధ్యా లేని మనుషుల చేతికి ఫోన్లిస్తే ఇంతే. కనిపించిన బటనల్లా నొక్కి నా ప్రింటరు పాడుచేశారు, కాగితాలు తగలేశారు. ఎవరెవరు నొక్కారో వాళ్ళందరికీ వారం రోజులు ట్రిప్పులు బంద్. ముందు నొక్కింది ఎవరయ్యా?"

పాండు కుర్చీలో అలాగే కూర్చుని ఉంటే సరిపోయేది. పలక నడుస్తోంది, డాక్టర్లు కదులుతున్నారు, సారు కోపం పార్కింగు దాకా వెళ్ళిపోయింది. ఎవరూ అతని వైపు చూడటం లేదు. ముందు నొక్కింది ఎవరో అతనికి తెలుసు, ఆయన గొంతు ఇంకా చెవిలో ఉంది.

పాండు లేచి నిలబడ్డాడు.

"ఆళ్ళ తప్పు లేదు సార్. నీలం బటన్ గనవడితె నొక్కుమని చెప్పింది నేనే. పలకకు సొంత నంబరు ఇయ్యాలె, ఇయ్యలేదు. లలిత్ సార్ అడిగితె ఇచ్చిన అన్న. పూజల అన్ని ఆర్పి మల్ల వెట్టినప్పుడు దాని నంబరు ప్రింటరుకు పోయింది. అందుకె గిట్లయింది."

శాంతకుమారి ప్రింటరు వైపు కొంచెం నిరాశగా చూసింది.

"అంటే అమ్మవారు కాదా?"

"కాదు మేడమ్. మా బాపు."

వీరరాఘవులు అద్దాలు తీసి తుడుచుకున్నాడు. "నువ్వు చెప్పకపోతే ఇదంతా నాకు తెలిసేదా?"

"తెల్వకపోతుండె సార్."

"మరెందుకు చెప్పావు?"

పాండు ఖాళీ కుర్చీ వైపు ఒకసారి చూశాడు. నిలబడే ఉన్నాడు. ఫోను మోగింది, ఎత్తాలా వద్దా తెలియలేదు. ఎత్తే మనిషి ఇంకా తనేనో కాదో తెలియదు.

అక్కడ కౌంటరులో మనీషా ఫోను ఎవరూ ఎత్తకపోయేసరికి, అడగాల్సిన మాట నేరుగా పలక మీదే కొట్టింది. పార్కింగులో ప్రతి ఫోనులోనూ, ఆఫీసులో ప్రతి తెర మీదా, విమానాల వరసల మధ్య ఒక వరస తేలింది: 'పాండన్న ఉన్నడా, తీసేసిండ్రా?'

ఆ వరస కింద ఎవరూ ఏమీ కొట్టలేదు. ట్రిప్పులు కూడా ఎవరూ నొక్కలేదు. డ్రైవర్లంతా కారు డోర్లు తీసుకుని, ఫోన్ల మీదికి వంగి ఉన్నారని మనీషా తర్వాత చెప్పింది. కోపంగా ఉన్న ముసలి డాక్టరు కూడా ఈశ్వరయ్య భుజం మీదుగా తొంగి చూస్తూ ఏమైందని అడిగాడట.

కాసేపటికి కింది వరసలో 'పాండు' అని పడింది.

వీరరాఘవులు ఒంటివేలితో కొడతాడు. ఒక్కో అక్షరం వెతుక్కుని, నొక్కి, సరిగా పడిందో లేదో చూసుకుని, తర్వాతి దానికి పోతాడు. పాండు నాలుగడుగుల దూరంలో నిలబడి ఉన్నాడు. తల తిప్పితే ఆయన ముఖం కనిపిస్తుంది. తిప్పలేదు. తెర వైపే చూశాడు.

'రేపటినుంచి' అని వచ్చింది. ఆగింది.

ఎంతసేపటికీ ముందుకు పోలేదు. పార్కింగులో ఎవరో "పాయె" అన్నారట. ఈశ్వరయ్య వెనక అద్దం మీది స్టిక్కరు గోటితో గీరాడట.

తర్వాత అక్షరాలు వెనక నుంచి ఒక్కొక్కటిగా చెరిగిపోవడం మొదలైంది. 'రేపటినుంచి' మొత్తం పోయింది. 'పాండు' దగ్గర ఆగింది. దాని పక్కన నెమ్మదిగా, ఇద్దరు ముగ్గురు మనుషులకు కోపం తెప్పించేంత నెమ్మదిగా, 'ఇక్కడే ఉన్నాడు. ఆరున్నర ఫ్లైటు దిగింది, చూడండి' అని పడింది.

"నోటితో చెప్పచ్చు కదండీ, పక్కనే ఉన్నాడు," అంది శాంతకుమారి.

"వాళ్ళందరూ అడిగారు కదే," అన్నాడు వీరరాఘవులు అద్దాలు పెట్టుకుంటూ. పాండు వైపు చూడకుండానే అన్నాడు, "కూర్చో. ఫోను మోగుతోంది, వినిపించట్లేదా?"

పాండు కూర్చుని ఫోను ఎత్తాడు.

"చదివినవా అన్నా?" అంది మనీషా.

"చదివిన. ఆరున్నరకు ఎందరున్నరు, చెప్పు."